డబ్బా మీది రంగు చెప్పని సంగతి

పొదలకూరులో గానీ కొండపిలో గానీ టంగుటూరులో గానీ పురుగుమందుల కొట్టు ముందు కాసేపు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది: “ఇది పచ్చగుర్తుదేలే అన్నా, ఏం కాదు.” ఎర్రగుర్తు ఉన్న సీసాను పిల్లలకు అందకుండా అటక మీద దాచే ఇంట్లోనే, పచ్చగుర్తు ఉన్న పొడి పొట్లం వంటింటి గూట్లో ఉప్పు డబ్బా పక్కన కనబడుతుంది. ఇందులో రైతు తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆ గుర్తును అతడు సరిగానే చదివాడు. అది దేన్ని కొలుస్తుందో మాత్రం అతనికి ఎవరూ విడమరచి చెప్పలేదు. పురుగుమందుల వల్ల ప్రయోగశాల జంతువులలో కలిగే జన్యు నష్టం గురించి మాట్లాడుకోవాలంటే ఆ గుర్తు దగ్గరి నుంచే బయలుదేరడం మంచిది, ఎందుకంటే ఆ గుర్తు కూడా ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచే పుట్టింది.

1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన నియమావళి ప్రకారం మన దేశంలో అమ్మే మందు డబ్బా మీద మూల కిందికి వచ్చేలా నిలబెట్టిన ఒక చతురస్రం ఉంటుంది. పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. నోటి ద్వారా మందు ఇచ్చినప్పుడు ప్రయోగ జంతువులలో సగం చనిపోవడానికి కిలో శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందన్నదాన్ని బట్టి ఆ రంగు నిర్ణయిస్తారు. 50 లోపు అయితే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. చర్మం ద్వారా ప్రాణాంతకమయ్యే మోతాదుకు కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి. ఈ కొలత అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మందు ఒక్కసారిగా ఎంత లోపలికి పోతే ప్రాణం పోతుంది? ఆత్మహత్యలనూ ప్రమాదవశాత్తు మింగడాలనూ దృష్టిలో పెట్టుకుంటే అది చాలా అవసరమైన ప్రశ్నే. అయితే చావకుండా మిగిలిన సగం ఎలుకల కణాలలో ఏం జరిగిందన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఆ రెండు ప్రశ్నలూ ఎంత దూరదూరంగా ఉంటాయో చెప్పడానికి మన వరి రైతులందరికీ తెలిసిన కార్బెండజిమ్‌ను మించిన ఉదాహరణ లేదు. అగ్గితెగులుకూ విత్తనశుద్ధికీ దశాబ్దాలుగా వాడుతున్న మందు ఇది. ఎలుకలలో దీని ప్రాణాంతక మోతాదు 5000 మిల్లీగ్రాములు దాటుతుంది గనుక, ఆ కొలత ప్రకారం ఇది చివరి మెట్టులోకి వస్తుంది. అదే కార్బెండజిమ్‌ను ఐరోపా సమాఖ్య తన రసాయనాల వర్గీకరణలో ‘జన్యు లోపాలు కలిగించవచ్చు’ అనే వరుసలో, అందులోనూ జంతు ప్రయోగాల ఆధారం గట్టిగా ఉన్నవాటిని చేర్చే 1బి శ్రేణిలో పెట్టింది. 2014 చివరికి అక్కడ దాని అనుమతి గడువు కూడా ముగిసిపోయింది. మన కేంద్ర వ్యవసాయ శాఖ 2020 మే నెలలో నిషేధించదలచిన 27 మందులతో ఒక ముసాయిదా ప్రకటించినప్పుడు అందులోనూ దీని పేరు ఉంది. ప్రాణం తీయడంలో ఇంత నెమ్మదైన మందు జన్యువుల విషయంలో అంత అనుమానానికి ఎందుకు గురైందన్నది అర్థం కావాలంటే, జన్యు నష్టం అనే మాటను కొంచెం విప్పి చూడాలి.

ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు ప్రమాదాలు దాక్కుని ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊళ్ల వారికి దీన్ని బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) పోలికతో చెప్పవచ్చు. కోసిన ఆకును దారంతో కర్రలకు అల్లి, ఆ కర్రలను బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీస్తారు. కణంలోని క్రోమోజోములను ఆకు అల్లిన కర్రలు అనుకుంటే, ఆకులు జన్యువులు. కణం రెండుగా చీలడమంటే, ప్రతి కర్రకూ ఒక నకలు తయారుచేసి రెండు బ్యారన్లకు సరిసమానంగా పంచడం. ఇక మొదటి ప్రమాదం, ఒక ఆకు మీద మచ్చ పడటం: కర్రా వరుసా చెదరకుండానే ఒక జన్యువులోని అక్షరం మారిపోతుంది. రెండోది, కర్రే విరిగి ఒక ముక్క నేల మీద పడిపోవడం: క్రోమోజోము తెగుతుంది. మూడోది, కర్రలన్నీ బాగానే ఉండి, మోసే మనిషి తడబడి ఒక బ్యారన్‌కు ఎక్కువ, రెండోదానికి తక్కువ చేర్చడం: క్రోమోజోముల సంఖ్య తప్పుతుంది. చిట్టెలుక కణంలో 40, ఎలుక కణంలో 42, మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉండాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఆ కణం సవ్యంగా నడవదు.

ఈ పోలిక ఇక్కడితో ఆగిపోవాలి, ఎందుకంటే బ్యారన్‌లో లేని ఒక సదుపాయం కణంలో ఉంది. విరిగినదాన్ని అతికించే, మచ్చపడినదాన్ని కత్తిరించి కొత్తది వేసే ఎంజైములు కణంలో అనుక్షణం తిరుగుతూనే ఉంటాయి. మందు ముఖం చూడని మనిషిలో కూడా, కేవలం శ్వాసించే ప్రాణవాయువు వల్ల, కణంలోని నీటి వల్ల, ఒక్కొక్క కణంలోని డీఎన్ఏకు (జన్యువులు రాసి ఉండే పోగుకు) రోజుకు వేల సంఖ్యలో దెబ్బలు తగులుతాయి. వాటిలో అత్యధిక భాగం బాగుపడిపోతాయి. కనుక దెబ్బ తగలడం వేరు, ఆ దెబ్బ శాశ్వతమైన మార్పుగా మిగలడం వేరు, ఆ మార్పు జబ్బుగా మారడం ఇంకా వేరు. మందు చేసే చెడుగు ఎక్కువగా దెబ్బల వేగం మరమ్మతు వేగాన్ని దాటిపోయేలా చేయడంలో ఉంటుంది. పత్రికలలో ‘ఎలుకల్లో జన్యు నష్టం రుజువైంది’ అన్న శీర్షిక కనబడినప్పుడు, ఈ మూడింటిలో ఏ మెట్టు దగ్గర రుజువైందని చూడకపోతే ఆ వార్త వల్ల భయం తప్ప తెలివి కలగదు.

రసాయనం జన్యువును మార్చగలదన్న సంగతి సైన్సుకు కొంత ఆలస్యంగానే తెలిసింది. ఎక్స్‌కిరణాలు పండు ఈగలలో మార్పులు తెస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో చూపాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఎడిన్‌బరోలో షార్లెట్ అవర్‌బాక్ మస్టర్డ్ వాయువుతో అలాంటి మార్పులనే రాబట్టింది. 1970లలో బ్రూస్ ఏమ్స్ ఒక సులువైన పరీక్ష తయారుచేశాడు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాను అది లేని పళ్లెంలో వేసి, పరీక్షించవలసిన మందును కలుపుతారు. మందు వల్ల జన్యువు మారి ఆ శక్తి తిరిగి వచ్చిన బాక్టీరియా మాత్రమే అక్కడ పెరిగి గుంపులు కడుతుంది. గుంపులను లెక్కపెట్టడమే పని. ఇందులో ఒక తెలివైన ఏర్పాటు కూడా ఉంది: చాలా మందులు ఒంట్లో కాలేయం గుండా వెళ్లాక గానీ హానికరమైన రూపం దాల్చవు కనుక, ఎలుక కాలేయం నుంచి తీసిన ఎంజైముల సారాన్ని కూడా పళ్లెంలో కలిపి మరొకసారి చూస్తారు.

అంత సులువైన పరీక్ష ఉండగా జంతువుల దాకా పోవడం ఎందుకన్న ప్రశ్నకు కార్బెండజిమే మళ్లీ సమాధానం చెబుతుంది. మన కణం చీలేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకూ లాగే సన్నని దారాలను పాఠ్యపుస్తకాలలో కండె పోగులు అంటారు. అవి ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో తయారవుతాయి. కార్బెండజిమ్ బూజును చంపేది సరిగ్గా ఆ ట్యూబ్యులిన్‌కు అతుక్కుని కండె కట్టనివ్వకుండా చేయడం ద్వారానే. బూజు ట్యూబ్యులిన్‌కు అతుక్కున్నంత గట్టిగా క్షీరదాల ట్యూబ్యులిన్‌కు అతుక్కోదు, కానీ మోతాదు పెరిగితే అక్కడా పని చేస్తుంది. బాక్టీరియాలో అసలు ఇలాంటి కండే లేదు. లేని కండె చెడిందో లేదో ఏమ్స్ పరీక్ష ఎలా చెప్పగలదు? నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో, ఉల్లి వేరు కొసను రంగువేసి సూక్ష్మదర్శిని కింద చూపినప్పుడు, వాళ్లు క్రోమోజోముల కంటే ఎక్కువసేపు చూసింది ఖాళీగా కనిపించే ఆ మధ్య జాగానే. లాగే దారం కనబడకుండా లాగుడు ఎలా సాగుతుందని అడిగేవారు. మన గట్ల వెంట ఎర్రగా పసుపుగా పూసే అడవినాభి దుంపలో ఉండే కోల్చిసిన్ కూడా ఆ దారాలనే చెడగొడుతుంది. జంతువుల ఎముక మజ్జలో క్రోమోజోములను లెక్కపెట్టే పరీక్షలో, కణాలను చీలిక మధ్యలో ఆపడానికి దాన్నే వాడతారు.

జంతు పరీక్షలలో అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది సూక్ష్మకేంద్రక పరీక్ష. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన నాకు ఎప్పుడూ అబ్బురంగానే అనిపిస్తుంది. ఎముక మజ్జలో పుట్టే ఎర్ర రక్తకణం, చివరిసారి చీలిన తరువాత, తన కేంద్రకాన్ని బయటికి నెట్టివేస్తుంది. కనుక కొత్తగా తయారైన ఎర్రకణంలో కేంద్రకం ఉండకూడదు. అయితే అంతకుముందు చీలికలో ఏదైనా క్రోమోజోము ముక్క తెగి పడి ఉన్నా, కండె చెడి ఒక పూర్తి క్రోమోజోమే వెనకబడిపోయినా, అది ప్రధాన కేంద్రకంలో చేరదు. తన చుట్టూ తానొక చిన్న పొర కట్టుకుని కణంలో ఒక మూల ఉండిపోతుంది. పెద్ద కేంద్రకం ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా ఈ చిన్నది వెళ్లదు. ఖాళీ ఇంట్లో మరచిపోయిన చెంబులాగా, గుండ్రని చుక్కై కనబడుతుంది. విరుగుళ్లనూ సంఖ్య తప్పడాన్నీ రెంటినీ ఒకే చుక్క పట్టిచ్చేస్తుంది. అందుకే ఈ పరీక్షకు అంత గిరాకీ.

ఆచరణలో ఇది ఇలా సాగుతుంది. సాధారణంగా తెల్ల చిట్టెలుకలను గుంపులు చేస్తారు, గుంపుకు కనీసం ఐదు. ఒక గుంపుకు మందు కలపని ద్రావకం మాత్రమే, మూడు గుంపులకు మూడు మోతాదులలో మందు, ఇంకో గుంపుకు జన్యు నష్టం కలిగిస్తుందని ముందే తెలిసిన సైక్లోఫాస్ఫమైడ్ వంటి రసాయనం ఇస్తారు. ఈ చివరి గుంపు ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. తెలిసిన విషంలోనే చుక్కలు కనబడకపోతే లోపం మందులో కాదు, చూసే కంటిలోనో వేసిన రంగులోనో ఉన్నట్టు. ఆ గుంపు లేని ప్రయోగంలో ‘ఏమీ కనబడలేదు’ అన్న మాటకు విలువ లేదు. మందు ఇచ్చాక 24 నుంచి 48 గంటల మధ్య జంతువును చంపి, తొడ ఎముకలోని మజ్జను తీసి, గాజు పలక మీద పూతగా పరచి, రంగు వేస్తారు. అప్పుడే పుట్టిన ఎర్రకణాలకు ఒక రంగు, పాతవాటికి మరో రంగు వస్తుంది. కొత్తవాటిలో మాత్రమే చుక్కలు వెదకాలి, ఎందుకంటే పాతవి మందు ఇవ్వకముందు పుట్టినవి. ఓఈసీడీ దేశాల కూటమి 2014లో సవరించిన మార్గదర్శకాలు ఒక్కొక్క జంతువు నుంచి 4000 కొత్త ఎర్రకణాలను చూడాలని చెబుతున్నాయి. అంతకుముందు ఆ సంఖ్య 2000. లెక్కపెట్టే మనిషికి ఏ పలక ఏ గుంపుదో తెలియకుండా అంకెలు వేసి ఇస్తారు.

ఇంత పెద్ద సంఖ్య ఎందుకంటే ఈ చుక్కలు ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకలో కూడా వెయ్యి కణాలలో ఒకటి నుంచి మూడింటి దాకా సహజంగానే ఉంటాయి. ఉదాహరణకు మందు తాకని గుంపులో వెయ్యికి రెండు, మందు ఇచ్చిన గుంపులో వెయ్యికి మూడు కనబడ్డాయనుకుందాం. దాన్ని ‘యాభై శాతం పెరుగుదల’ అని రాయవచ్చు, రాసినవారూ ఉన్నారు. కానీ రెండు వందల కణాలు మాత్రమే చూసినవాడికి ఆ తేడా ఉన్నట్టా లేనట్టా తేలదు. రెండు, ఎనిమిది, ఇరవై అని మోతాదుతో పాటు మెట్లు ఎక్కుతూ పోతే అప్పుడు ఆ మందును గట్టిగా అనుమానించాలి. పెరుగుదల ఒక్కటే చాలదు, మోతాదు వెంట నడిచే పెరుగుదల కావాలి.

దీనికి తోడుగా కామెట్ పరీక్ష అని ఇంకొకటి ఉంది. 1988లో ఇప్పటి రూపానికి వచ్చిన ఈ పద్ధతిలో కణాలను జెల్లీలో పొదిగి, క్షార ద్రావణంలో ఉంచి విద్యుత్తు ప్రవహింపజేస్తారు. చెక్కుచెదరని డీఎన్ఏ గుండ్రంగా ఉన్న చోటే ఉంటుంది. తెగిన పోగులు విద్యుత్తు లాగుడుకు ఒక పక్కకు జారి తోకచుక్కలాగా కనబడతాయి. తోక ఎంత పొడవుగా, ఎంత దట్టంగా ఉంటే అంత తెగినట్టు. దీనిలో ఒక సౌకర్యం ఏమిటంటే మజ్జకే పరిమితం కానవసరం లేదు, కాలేయం, మెదడు, పొట్ట గోడ, దేనినైనా చూడవచ్చు. ఒక చిక్కు ఏమిటంటే ఇది చూపేది దెబ్బను మాత్రమే. చివరి మోతాదు ఇచ్చిన రెండు నుంచి ఆరు గంటల లోపు చూడకపోతే మరమ్మతు పూర్తై తోక మాయం కావచ్చు. అందుకే కామెట్‌లో చెడుగా, సూక్ష్మకేంద్రక పరీక్షలో మంచిగా వచ్చిన మందులు ఉంటాయి. అది పరస్పర విరుద్ధం కాదు. దెబ్బ తగిలింది, అతుక్కుంది.

మందులు ఈ నష్టాన్ని ఎన్ని దారులలో చేస్తాయన్నది నిజానికి ఈ విషయమంతటికీ గుండెకాయ. కండెను చెడగొట్టే దారిని చూశాం. రెండో దారి నేరుగా డీఎన్ఏకు అతుక్కోవడం. బొద్దింకల మందుగా ఇళ్లలోకి కూడా వచ్చిన డైక్లోర్వాస్‌లో, పరీక్షనాళికలో డీఎన్ఏకు మిథైల్ అనే చిన్న రసాయన ముక్కను అంటించే గుణం ఉంది. బాక్టీరియాలో అది జన్యు మార్పు తెచ్చిందని చాలా పరీక్షలు చూపాయి. తీరా జంతువుకు ఇచ్చేసరికి ఫలితం చాలావరకు కనబడలేదు, ఎందుకంటే రక్తంలోని ఎంజైములు దాన్ని మజ్జ దాకా పోనీయకుండా త్వరగా ముక్కలు చేసేస్తాయి. పళ్లెంలో నేరస్థుడిగా తేలినవాడు ఒంట్లో నిర్దోషిగా కనబడిన సందర్భం ఇది. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అనే వరుసలో పెట్టడం జంతువులలో కనబడిన కణితుల వల్ల జరిగింది. మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి ఆ మందు నిషేధంలో ఉంది.

మూడో దారి పరోక్షమైనది, నా అంచనాలో మన చేలలో వాడే మందులలో ఎక్కువ వాటికి వర్తించేది కూడా ఇదే. మందును విడగొట్టి బయటికి పంపే పనిలో కాలేయం శ్రమపడేటప్పుడు, ప్రాణవాయువు నుంచి చురుకైన, దేనినైనా కరిచే రూపాలు పుడతాయి. అవి పొరల కొవ్వును, ప్రోటీన్లను, చివరికి డీఎన్ఏ అక్షరాలను కూడా ఆక్సీకరణం చేస్తాయి. గ్వానిన్ అనే అక్షరం ఆక్సీకరణం చెందితే, నకలు తీసేటప్పుడు దాన్ని వేరే అక్షరంగా తప్పు చదివే ప్రమాదం ఉంది. క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, సైపర్‌మెత్రిన్ వంటి మందులతో ఎలుకల మీద చేసిన ఎన్నో ప్రయోగాలలో, మందుతో పాటు సి లేదా ఇ విటమిన్ ఇచ్చిన గుంపులో కామెట్ తోకలు పొట్టిగా వచ్చాయి. ఆ ఫలితం చెప్పేది, నష్టం ఆక్సీకరణం దారిన వస్తోందని. మందు కొట్టే ముందు విటమిన్ బిళ్ల వేసుకుంటే సరిపోతుందని దాన్ని చదువుకోకూడదు. ఎలుకకు ఇచ్చింది శరీర బరువుతో పోలిస్తే చాలా పెద్ద మోతాదు, పైగా క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు నరాల మీద చేసే పనికి విటమిన్ విరుగుడు కాదు.

దారి తెలియడం వల్ల ఒక పెద్ద ఉపయోగం ఉంది: ఎంత తక్కువైతే భయం లేదో చెప్పగలమా లేదా అన్నది దారి మీదే ఆధారపడి ఉంటుంది. కండె కట్టడానికి వేల ట్యూబ్యులిన్ అణువులు కావాలి. వాటిలో నాలుగింటిని కార్బెండజిమ్ పట్టుకున్నంత మాత్రాన కండె చెడదు. అంటే ఒక హద్దు ఉంటుంది, దాని కింద హాని కనబడదు. నేరుగా డీఎన్ఏకు అతుక్కునే రసాయనం విషయంలో అలా అనలేం, ఒక్క అణువు తగిలినా ఒక అక్షరం మారే అవకాశం సిద్ధాంతపరంగా ఉంది. అందుకే నియంత్రణ సంస్థలు ఈ రెండో రకం మందులకు ‘సురక్షితమైన మోతాదు’ అని రాయడానికి జంకుతాయి. 2019లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ క్లోర్‌పైరిఫాస్ గురించి, జన్యు నష్టపు అవకాశాన్ని తోసిపుచ్చలేమని, పిల్లల మెదడు ఎదుగుదల మీద దాని ప్రభావం కూడా ఆందోళనకరమని, కనుక భద్రమైన స్థాయి నిర్ణయించలేమని తేల్చింది. 2020 జనవరిలో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని పునరుద్ధరించలేదు. మన డబ్బా మీద దాని రంగు పసుపు.

ఇక ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవో చూడాలి, ఎందుకంటే సామాన్య పాఠకుడికి విసుగు పుట్టేది ఇక్కడే. గ్లైఫోసేట్ కథ అందుకు అద్దం. 2015 మార్చిలో పైన చెప్పిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ కలుపుమందును ‘మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నది’ అనే 2ఎ వరుసలో పెడుతూ, జన్యు నష్టానికి గట్టి ఆధారాలున్నాయని చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, అది జన్యు నష్టం కలిగించే అవకాశం తక్కువని చెప్పింది. ఒకరు అబద్ధమాడారని అనుకోవడం సులువు. అసలు సంగతి, ఇద్దరూ ఒకే కుప్పను తూర్పారబట్టలేదు. మొదటి సంస్థ బహిరంగంగా అచ్చయిన పరిశోధనలను మాత్రమే తీసుకుంది, వాటిలో కొట్టులో అమ్మే రూపంతో చేసినవి చాలా ఉన్నాయి. రెండో సంస్థ ప్రధానంగా శుద్ధమైన మూల రసాయనాన్ని చూసింది, కంపెనీలు నియమాల ప్రకారం చేయించి సమర్పించిన పరీక్షలను కూడా లెక్కలోకి తీసుకుంది. రైతు ట్యాంకులో పోసేది శుద్ధ రసాయనం కాదు, దానికి ద్రావకాలు, నీళ్లలో కలవడానికి ఎమల్సిఫయర్లు, ఆకుకు అంటుకోవడానికి జిగురు కలిసి ఉంటాయి. ఆ చేర్పుల వల్లే విషత్వం పెరిగిన సందర్భాలు ఉన్నాయి. నన్నడిగితే, శుద్ధ రసాయనం మీద వచ్చిన మంచి ఫలితాన్ని కొట్టు సీసాకు పూర్తిగా వర్తింపజేయడం తొందరపాటే.

అటువైపు నుంచి వచ్చే తొందరపాటు కూడా తక్కువేమీ కాదు. కళాశాలల నుంచి వెలువడే అనేక పరిశోధనలలో ఎలుకకు మందును నోటి ద్వారా కాక కడుపు పొరల మధ్యకు సూదితో ఎక్కిస్తారు, అదీ ప్రాణాంతక మోతాదులో సగమో పావో. ఆ దారిలో మందు మొత్తం ఒక్కసారే లోపలికి పోతుంది, జంతువు అప్పటికే చావుకు దగ్గరగా ఉంటుంది. చనిపోతున్న కణంలో డీఎన్ఏ తెగడం మామూలే. అది చావుకు కారణమా, చావు వల్ల వచ్చిందా అన్నది విడదీయలేం. అందుకే మంచి ప్రయోగంలో కొత్త ఎర్రకణాలకూ పాతవాటికీ ఉన్న నిష్పత్తి కూడా చెబుతారు. అది బాగా పడిపోయిందంటే మజ్జే దెబ్బతిన్నదని అర్థం.

మోతాదును మనిషికి మార్చి చూస్తే విషయం ఇంకాస్త స్పష్టమవుతుంది. 25 గ్రాముల చిట్టెలుకకు కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే దాని ఒంట్లోకి పోయేది రెండున్నర మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అదే నిష్పత్తిలో 6 గ్రాములు అవుతుంది. అయితే చిన్న జంతువు మందును వేగంగా ఖర్చు చేస్తుంది కనుక, ఔషధాల పరీక్షలలో చిట్టెలుక మోతాదును సుమారు పన్నెండుతో భాగిస్తారు. ఆ లెక్కన అర గ్రాము దరిదాపుల్లోకి వస్తుంది. ఇప్పుడు పొలంలోకి వద్దాం. 20 శాతం క్లోర్‌పైరిఫాస్‌ను లీటరుకు రెండున్నర మిల్లీలీటర్ల చొప్పున 16 లీటర్ల ట్యాంకులో కలిపితే 40 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో అసలు మందు 8 గ్రాములు. ట్యాంకు మూత కారి వంద మిల్లీలీటర్ల నీళ్లు వీపు మీద పడితే దానిలో ఉన్నది 50 మిల్లీగ్రాములు. అదే కలిపేటప్పుడు సీసాలోని చిక్కటి మందు ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, చేతి మీద ఒలికితే అందులో ఉన్నది ఒక గ్రాము. ఇరవై రెట్లు. కొట్టేటప్పుడు ముఖానికి తుండుగుడ్డ చుట్టుకునే మనిషి, కలిపేటప్పుడు వట్టి చేత్తో కలుపుతాడు.

చేతి మీద పడినదంతా లోపలికి పోదు. క్లోర్‌పైరిఫాస్ విషయంలో చర్మం గుండా పోయేది కొద్ది శాతమే. కానీ ఒంటి మీద చర్మమంతా ఒకేలా ఉండదు. పారాథియాన్ అనే పురుగుమందుతో 1971లో మనుషుల మీద చేసి ప్రకటించిన కొలతల ప్రకారం ముంజేతి చర్మం సుమారు 9 శాతం మందును లోపలికి పోనిస్తే, తలమీది చర్మం 32 శాతం, వృషణాల మీది చర్మం దాదాపు మొత్తాన్నీ పోనిచ్చింది. నడుము వరకు ఎదిగిన మిరప చేలో తడిసిన లుంగీతో సాళ్ల మధ్య నడిచే మనిషికి ఈ అంకెలు ఎక్కడ తగులుతాయో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఎలుకకు ఒకే మందు, ఒకటి రెండు సార్లు. మిరపకు మందు కొట్టే మనిషికి తామర పురుగు మందూ తెగుళ్ల మందూ ఒకే ట్యాంకులో, పంట కాలమంతా. ఈ కలయికలను ఏ చిట్టెలుక మీదా పరీక్షించి అనుమతి ఇవ్వరు.

అందుకే ఎలుకల దగ్గర ఆగిపోకుండా నేరుగా మనుషుల రక్తం చూసిన పరిశోధనలకు విలువ ఎక్కువ. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర పరిశోధకులు 1980ల చివర, 1990ల మొదట్లో పత్తి చేలలో మందు కొట్టేవారి తెల్ల రక్తకణాలలో క్రోమోజోములను చూసి, మందు తగలనివారితో పోలిస్తే విరుగుళ్లు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. మందు కలిపి కొట్టే పని చేసే మగవారి కుటుంబాలను, వెయ్యికి పైగా జంటలను, విడిగా పరిశీలించి గర్భస్రావాలు, మృతశిశు జననాలు ఎక్కువగా ఉన్నాయని కూడా రాశారు. ఎలుకకు ఏ మందు ఎంత ఇచ్చారో మిల్లీగ్రాము వరకు తెలుసు, కానీ అది మన జీవితం జీవించదు. కూలీ మన జీవితమే జీవిస్తాడు, కానీ అతని ఒంట్లోకి ఏ మందు ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. ఒక సాక్ష్యంలో ఉన్న ఖాళీని రెండోది పూరిస్తుంది, అందుకే రెండూ ఒకే దిక్కు చూపినప్పుడు అనుమానం బలపడుతుంది.

చివరకు అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది పిల్లలకు వస్తుందా? మజ్జలో కనబడిన నష్టం ఆ జంతువుతోనే పోతుంది. తరువాతి తరానికి పోవాలంటే బీజకణాలలో జరగాలి. దీనికి మందు ఇచ్చిన మగ చిట్టెలుకను వారం వారం కొత్త ఆడ చిట్టెలుకలతో జత కలిపి, గర్భంలో చనిపోయిన పిండాలను లెక్కపెడతారు. ఏ వారంలో చావులు పెరిగాయో చూస్తే, వీర్యకణం తయారీలో ఏ దశలో దెబ్బ తగిలిందో తెలుస్తుంది, ఎందుకంటే చిట్టెలుకలో ఆ తయారీకి 35 రోజులు పడుతుంది. మనిషిలో అది సుమారు 74 రోజులు. నేలలోని నులిపురుగులకు వాడిన డీబీసీపీ అనే మందు ఈ విషయంలో అందరి కళ్లూ తెరిపించింది: 1977లో కాలిఫోర్నియాలోని ఒక తయారీ కర్మాగారంలో తమకు పిల్లలు పుట్టడం లేదని కార్మికులు తమలో తాము మాట్లాడుకుని పరీక్ష చేయించుకుంటే, చాలామందిలో వీర్యకణాలు తగ్గిపోయాయని, కొందరిలో అసలు లేవని తేలింది. ఆ మందు ఎలుకల వృషణాలను కుదించివేస్తుందని 1961లోనే అచ్చయింది. పదహారేళ్ల పాటు ఆ కాగితం ఉంది, కార్మికులూ ఉన్నారు, ఒకరి సంగతి ఒకరికి చేరలేదు.

మన దగ్గర కొత్త మందుకు అనుమతి కోరే కంపెనీ జన్యు నష్టపు పరీక్షల ఫలితాలను కూడా కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీకి సమర్పించాలి. ఆ కాగితాలు అక్కడి ఫైలులో ఉంటాయి. నెల్లూరు మాగాణిలో నారు పోసే రోజు వచ్చినప్పుడు రైతు లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ చొప్పున కలిపి, విత్తనాలను అందులో పోసి, మోచేతి దాకా చేయి ముంచి కలియబెడతాడు. ఇరవై నాలుగు గంటలు నాననిచ్చి, తరువాత మొలకెత్తడానికి మండె కడతాడు. మిగిలిన పొడి ఉన్న పొట్లాన్ని మడిచి, తడి చేత్తోనే గూట్లో పెడతాడు.